నాయన చొక్కా గుండీ పెట్టుకునే ఆ నాలుగు నిమిషాలు: ఇంట్లో పెద్దవాళ్లను చూసుకునేవాళ్లకు

మా నాయనకి పక్షవాతం వచ్చి మూడేళ్లవుతోంది. కుడి చెయ్యి, కుడి కాలు సరిగా రావు, మాట ముద్దగా వస్తుంది, ఈమధ్య మతిమరుపు కూడా మొదలైంది. కోవూరు దగ్గర మా ఊళ్లోనే, మా ఇంట్లోనే, నేనూ పగటిపూట వచ్చే ఒక ఆయమ్మా కలిసి చూసుకుంటున్నాం. మొదటి ఏడాది నేను చేసినదంతా డ్యూటీ. మందులు టైముకి వెయ్యడం, డైపర్ మార్చడం, బీపీ చూసి నోట్సులో రాయడం. అన్నీ కరెక్టుగానే చేశాను, ఆయన మాత్రం రోజంతా గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఇప్పుడు అట్లా లేడు. అందుకని నేను కొత్తగా పెట్టిన పనేమీ లేదు, ఎట్లాగూ చేయాల్సిన స్నానం, తిండి, బట్టలు, వీటిలోనే ఆయన చేసేదీ, ఆయన చెప్పేదీ కొంత ఉండేట్టు చూశాను. మీ ఇంట్లోనూ మంచం పట్టిన పెద్దవాళ్లుంటే ఎట్లా మొదలుపెట్టాలో నాకు తెలిసినంత చెప్తాను.

ముందు ఒక కాగితం తీసుకోండి. మందుల చీటీ అందరింట్లోనూ ఉంటుంది, దాని పక్కనే ఆ మనిషి గురించి ఒక చీటీ అతికించండి. మా ఇంట్లో ఉన్నది ఇది: పొద్దున అయిదుకే లేస్తాడు, లేపక్కర్లేదు. కాఫీ స్టీలు గ్లాసులోనే, కప్పులో ఇస్తే తాగడు. ఎడమ చెవి వినపడుతుంది, అటువైపు కూర్చుని మాట్లాడాలి. తలమీద ఒక్కసారిగా నీళ్లు పోస్తే భయపడతాడు. లుంగీ కాదు, పంచె. ఆయమ్మలు మారినప్పుడల్లా కొత్తగా వచ్చినామెకి మందులకన్నా ముందు ఈ చీటీ చదివి వినిపిస్తాను, ఎందుకంటే కప్పులో కాఫీ ఇచ్చి "ఈయన మొండి" అని మొదటిరోజే అనేసుకున్నవాళ్లని చూశాను.

ఆయనకి తెలిసిన సంగతి అడగండి

నాయన రోజూ పొద్దున ఒకే మాట అడిగేవాడు: "కాలవకి నీళ్లొదిలారా?" నేనేమో "పొలం కౌలుకి ఇచ్చేశాం గదా నాయనా, నీకెందుకు, పడుకో" అనేదాన్ని. చెడ్డగా అనలేదు, రోజుకి పదిసార్లు అడిగితే ఎవరైనా అదే అంటారు. ఒకరోజు నిజంగానే తెలీక, "సోమశిల డ్యాములో నీళ్లెన్ని ఉంటే ఎడగారుకి వదుల్తారు నాయనా?" అని ఎదురడిగాను. ఎడగారంటే మావైపు వేసే రెండో పంట. పావుగంట చెప్పాడు, ఆ ముద్దమాటతోనే, ఏ సంవత్సరం కయ్యలు ఎండిపోయినాయో, ఎవరు రాత్రిపూట తూము ఎత్తుకుని నీళ్లు పెట్టుకున్నారో అన్నీ. ఆయన అడిగింది నీళ్ల గురించి మాత్రమే కాదని, ఆ ఇంట్లో తనని ఇంకా ఎవరైనా ఏదైనా అడుగుతారా అని చూస్తున్నాడని నాకు అప్పుడు అర్థమైంది.

అప్పట్నుంచి కోతలప్పుడు కౌలుదారు ఒక గుప్పెడు వడ్లు తెచ్చి నాయన ఎడమచేతిలో పోస్తాడు. కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ దాటకూడదు, అక్కడ మిషన్ పెట్టి చూస్తారు. మా నాయన ఒక గింజ పంటికింద కొరికి "ఇంకా ఒక ఎండ చూపించు" అంటాడు. పుట్టికి 850 కేజీల లెక్కన ఎన్ని పుట్లయిందో కూడా ఆయన్నే అడుగుతాం, తప్పు చెప్తే సరిదిద్దం, ఆ లెక్కతో మనకి పనేముంది ఆయన నోట లెక్క రావడమే కావాలి గానీ.

మీ ఇంట్లో అది చీరల సంగతి కావచ్చు, బడి సంగతి కావచ్చు, చేపల ధర కావచ్చు. ఒక్కటి మాత్రం చెయ్యకండి, చూడటానికి వచ్చినవాళ్లు చేసేది: "నేనెవరో చెప్పు చూద్దాం?" మతిమరుపు ఉన్నవాళ్లకి అది పరీక్ష పెట్టడమే. "మామా, నేను నీ చెల్లెలి కొడుకుని, గూడూరు నుంచి వచ్చాను" అని మీరే చెప్పేస్తే ఆయనకి ఆ టెన్షన్ ఉండదు.

ఒళ్లు ముట్టుకునే పనులు

స్నానం, బట్టలు మార్చడం, డైపర్, ఇవన్నీ మన చేతుల్లో వాళ్లు ఉండే పనులు, ఇక్కడే మర్యాద ఎక్కువ కావాలి. ముట్టుకునేముందు చెప్పండి: "ఎడమవైపు తిప్పుతున్నా నాయనా." చెప్పాక ఒక్క క్షణం ఆగండి. మంచం మీదనుంచి లేపి వెంటనే నిలబెట్టవద్దు, కాళ్లు కిందికి వేలాడేసి రెండు నిమిషాలు కూర్చోబెట్టాలి, లేకపోతే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఆ రెండు నిమిషాల్లోనే నేను కిటికీ తెరిచి బయట ఎవరు పోతున్నారో చెప్తాను. నీళ్ల వేడి మీ మోచేతితో చూసుకుని పాదాలనుంచి మొదలుపెట్టండి, తువ్వాలు నడుంమీద కప్పే ఉంచండి, కన్నకూతురైనా సిగ్గు సిగ్గే.

చొక్కా తొడిగేటప్పుడు బలం లేని చేతికి ముందు, విప్పేటప్పుడు బాగున్న చేతికి ముందు. పైన గుండీలు నేను పెడతాను, కింద రెండు ఆయనకి వదిలేస్తాను. ఎడమచేత్తో ఒక్కోదానికి రెండు నిమిషాలు పడుతుంది, చూస్తూ ఉంటే మన చెయ్యి ఊరుకోదు, లాగి పెట్టేద్దామనిపిస్తుంది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడండి, నేను అట్లాగే నేర్చుకున్నాను. తొందరపెట్టడం, చిన్నపిల్లలకి మల్లే మాట్లాడటం, ఎదురుగా ఉండగానే లేనట్టు వేరేవాళ్లతో మాట్లాడటం, ఇట్లాంటివే మనిషిని లోపల్నుంచి కుంగదీస్తాయని డిమెన్షియా ఉన్నవాళ్ల సంరక్షణ మీద పనిచేసిన టామ్ కిట్‌వుడ్ అనే ఇంగ్లండు పరిశోధకుడు 1990ల్లోనే చెప్పాడు. "తిన్నాడా? మోషన్ అయిందా?" అని ఆయన ముందే నన్ను అడిగే చుట్టాలకి నేనిప్పుడు "ఆయన్నే అడగండి" అంటాను.

పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాలి గదా, ప్రతిసారీ ఆయనకి కనిపించేది కూడా మారేట్టు చూడండి. ఒకసారి వాకిలి, ఒకసారి వేపచెట్టు, ఒకసారి వంటిల్లు. మంచం గోడకి ఆనించి వేసుంటే ఈ రోజే జరపండి.

తిండి

చేపల పులుసు తెర్లేటప్పుడు వీల్‌చెయిర్ వంటింటి గుమ్మం దగ్గరికి తెస్తాను. మామిడికాయ ముక్కలు వేశాక వచ్చే ఆ వాసనకే ఆయన ముఖం మారుతుంది. చల్లారిన పులుసు ఒక చుక్క నాలుక మీద వేసి "ఉప్పు చాలిందా?" అంటే ఆయన చెప్పిందే ఫైనల్. మర్నాటికి ఊరిన పులుసే ఇష్టం గాబట్టి ఆయన వాటా దాచిపెట్టి, కొర్రమీను ముక్కలో ముల్లు ఒకటికి రెండుసార్లు వెతికి తీసి, అన్నం మెత్తగా పిసికి పెడతాను.

జాగ్రత్తలు ఇక్కడ తప్పనిసరి. నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం కొంచెం కిందికి ఉండాలి, చిన్న స్పూన్, ఒకటి మింగాకే ఇంకొకటి. చచ్చుబడినవైపు బుగ్గలో మెతుకులు నిలిచిపోతాయి, చూసి తీయండి. తిన్నాక అరగంట పడుకోబెట్టవద్దు. నీళ్లు తాగేటప్పుడు దగ్గు వస్తుంటే డాక్టరుకి చూపించాల్సిందే, పల్చటి నీళ్లే ఎక్కువగా ఊపిరితిత్తుల వైపు పోతాయి. టీవీ ఆపేయండి, ఫోన్ పక్కన పెట్టండి, ఆయన ఎదురుగా మీరూ ఏదైనా తినండి. నిలబడి తినిపిస్తే వాళ్లు తల పైకెత్తాలి, అది మింగడానికీ మంచిది కాదు, మనసుకీ బాగుండదు.

ఎండాకాలం మన నెల్లూరులో, ఒంగోలులో దాహం వేసేదాకా ఆగకండి, పెద్దవాళ్లకి దాహం సరిగా తెలీదు. డాక్టరు వద్దని చెప్పకపోతే గంటకోసారి మజ్జిగో నీళ్లో నాలుగు గుక్కలు.

సాయంత్రం చీకటి పడే వేళ మతిమరుపు ఉన్నవాళ్లకి అలజడి ఎక్కువవుతుంది. "ఇంటికి పోదాం పద" అంటాడు నాయన, ఇంట్లోనే ఉండి. "ఇదే గదా ఇల్లు" అని వాదించి చాలా రోజులు పోగొట్టుకున్నాను. ఇప్పుడు చీకటి కాకముందే లైట్లన్నీ వేసి, పక్కన కూర్చుని "ఆ ఇంటి ముందర ఏముండేది నాయనా?" అంటాను. చింతచెట్టు దగ్గర మొదలుపెట్టి చెప్పుకుంటూ నెమ్మదిస్తాడు. కానీ ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లోనే మనిషి బాగా తికమక పడిపోతే దాన్ని మతిమరుపు ఖాతాలో వెయ్యకండి, యూరిన్ ఇన్‌ఫెక్షనో, ఒంట్లో నీళ్లు తగ్గడమో కావచ్చు, ఆ రోజే డాక్టరు దగ్గరికి.

ఇవన్నీ కుదరని రోజులుంటాయి. నాకు జ్వరమొచ్చిన రోజు గుండీలన్నీ నేనే పెట్టేశాను, స్నానం లేదు, తడిగుడ్డతో తుడిచాను. అంతే. నెలకి రెండు ఆదివారాలు తమ్ముడు చెన్నైనుంచి వచ్చి ఉంటాడు, నేను ఇల్లు వదిలి మైపాడు బీచికో ఎక్కడికో పోతాను, ఆ ఏర్పాటు ముందే అడిగి చేయించుకోండి, మీరు అడగనిదే ఎవరూ చెయ్యరు. మిగతా రోజుల్లో వాడు వీడియో కాల్ చేస్తాడు. ముందు "బాగున్నావా నాయనా" దగ్గరే ఆగిపోయేది, ఇప్పుడు వాడు నడుస్తూ ఫోన్ తిప్పి కూరగాయల బజారు చూపిస్తాడు, నాయన నిమ్మకాయల ధర అడిగి, ఎక్కువని తేల్చి, ఫోన్ నా చేతికిస్తాడు.