1/25 స్లింగ్‌షాట్ డ్రాగ్‌స్టర్ మోడల్: ఇంజిన్ తీగలు, ఇంధన పైపులు సరిగ్గా అమర్చడం ఎలా?

1960ల నాటి స్లింగ్‌షాట్ డ్రాగ్‌స్టర్‌కు (తిన్నని ట్రాకు మీద కొన్ని సెకన్లు పరుగెత్తే రేసు కారు) బానెట్ అంటూ ఉండదు. ఇంజిన్ మొత్తం బయటికే కనిపిస్తుంది. డ్రైవరు వెనక ఇరుసుకు కూడా వెనకగా, కాళ్లు ఇరుసు మీదుగా ముందుకు చాపి కూర్చుంటాడు. అందుకే ఈ మోడల్‌లో చూపు రంగు మీద కన్నా ముందు ఇంజిన్ మీద పడుతుంది. కిట్‌లో వచ్చే ఇంజిన్‌కు తీగలూ పైపులూ ఉండవు, ఉన్నా ఒకటీ అరా. అవి మనం వేసుకోవాల్సిందే. చాలా మోడళ్లు చెడేది కూడా ఇక్కడే. తీగలు బోలెడు వేస్తారు గానీ పంపు దగ్గర బయల్దేరిన పైపు బ్లోయర్ (ఇంజిన్‌లోకి గాలి ఊదే యంత్రం) పక్కన గాల్లో ఆగిపోతుంది. ప్రతి తీగకూ రెండు కొసలుంటాయి. ఆ రెండూ ఎక్కడ కలుస్తాయో తెలిశాకే డ్రిల్లు చేత పట్టండి.

ఇక్కడ ఉదాహరణకు తీసుకున్నది ఆ రోజుల్లో నైట్రో (నైట్రోమీథేన్ ఇంధనంతో నడిచే) కార్లలో బాగా కనిపించిన జత: 392 క్యూబిక్ అంగుళాల క్రైస్లర్ హెమీ ఇంజిన్, దాని మీద 6-71 బ్లోయర్.

1. ముందు సంవత్సరం తేల్చుకోండి

కిట్ పెట్టె మీది బొమ్మను నమ్ముకోకండి. మీరు చేసే కారు ఏ ఏడాదిదో తేల్చుకుని, ఆ ఏడాది ఫోటోలు కనీసం మూడు కోణాల్లో దగ్గర పెట్టుకోండి. ఈ కార్లు ఏటికేడాది మారిపోయాయి. 1950ల చివర్లో చక్రాల మధ్య దూరం సుమారు 100 అంగుళాలు. దశాబ్దం ముగిసేసరికి అది 200 దాటింది. 1/25లో అంటే దాదాపు 102 మి.మీ. నుంచి 203 మి.మీ.కు. ఎగ్జాస్ట్ పైపులు మొదట్లో కిందికీ వెనక్కీ వంగి ఉండేవి. 1960ల మధ్య నుంచి పైకి లేచి వెనక టైర్ల వైపు తిరిగిన 'జూమీ' పైపులు వచ్చాయి. 1961 కారుకు జూమీలు పెడితే, తెలిసినవాళ్లు ఆమడ దూరం నుంచే పట్టేస్తారు.

ఇంధనం సంగతి కూడా చూసుకోవాలి. అమెరికాలో డ్రాగ్ రేసులు నడిపే సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ 1957 నుంచి 1963 దాకా తన పోటీల్లో నైట్రోను నిషేధించింది. ఆ ఏళ్లలో వాళ్ల నేషనల్స్‌లో పరుగెత్తిన కారు చేస్తుంటే అది పెట్రోలు కారే. మిగతా ట్రాకుల్లో మాత్రం నైట్రో నడుస్తూనే ఉంది. ఇక ఈ ముందు ఇంజిన్ కార్ల కాలం 1971తో దాదాపు ముగిసింది. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలోని లయన్స్ స్ట్రిప్‌లో రేసరు డాన్ గార్లిట్స్ కారు ట్రాన్స్‌మిషన్ పేలి అతని కుడి పాదంలో కొంత భాగం పోయింది. మరుసటి ఏడాది అతను ఇంజిన్‌ను వెనక పెట్టిన కారుతో పోమోనాలో గెలిచాడు. మిగతావాళ్లూ అదే బాట పట్టారు.

2. ఉండకూడనివి తీసేయండి

మామూలు కారు ఇంజిన్‌లో ఉండేవన్నీ ఇక్కడ ఉండవు. నైట్రో కారు కొన్ని సెకన్లే పరుగెత్తుతుంది కాబట్టి రేడియేటరు, ఫ్యాను అక్కర్లేదు. ప్లగ్‌లకు స్పార్కు ఇచ్చే మాగ్నెటో తన కరెంటు తానే పుట్టించుకుంటుంది కాబట్టి బ్యాటరీ, జనరేటరు, విడిగా ఇగ్నిషన్ కాయిల్ ఉండవు. వెనకనుంచి ఇంకో బండితో నెట్టి స్టార్ట్ చేసేవారు కాబట్టి స్టార్టర్ మోటారూ ఉండదు. ముందు చక్రాలకు బ్రేకులు ఉండవు. కిట్ ఇంజిన్‌ను మామూలు కారు కిట్‌ నుంచి అరువు తెచ్చి ఉంటే, బ్లాకు మీద స్టార్టర్ ఆకారం అచ్చులోనే వచ్చి ఉంటుంది. దాన్ని గీకేసి, 400 నంబరు ఎమరీ పేపరుతో నున్నగా చెయ్యండి. నేటి కార్లలో బ్లోయర్ మీద కనిపించే దళసరి రక్షణ దుప్పటి కూడా ఈ కాలపు కారుకు వద్దు.

3. సామాను

ఖరీదైన మోడల్ షాపు సామానే కావాలని లేదు. మోటారు వైండింగ్ షాపులో దొరికే ఎనామిల్ రాగి తీగ దీనికి చక్కగా సరిపోతుంది.

- ప్లగ్ వైర్లకు 32 గేజి తీగ. ఎనామిల్‌తో కలిపి దాదాపు 0.3 మి.మీ. 25తో హెచ్చిస్తే 7.5 మి.మీ. అసలు వైరు 7 నుంచి 8 మి.మీ. ఉండేది.
- నాజిల్ (ఇంధనం చిమ్మే మూతి) పైపులకు 34 గేజి తీగ.
- పెద్ద ఇంధన గొట్టాలకు 20, 22 గేజి సోల్డర్ తీగ. అంటే 0.9, 0.7 మి.మీ. వంచితే వంచినట్టే ఉంటుంది, రాగిలా వెనక్కి లేవదు.
- కొత్త సిరంజి సూదులు: 23 గేజి. లోపలి బెజ్జం 0.33 మి.మీ. ఉంటుంది కాబట్టి 32 గేజి తీగ అందులో పడుతుంది.
- 0.35, 0.7, 1 మి.మీ. డ్రిల్లు బిట్లు, చేత్తో తిప్పే పిన్ వైస్.
- తీగలకు ఫెవిక్విక్ లాంటి జిగురు, క్రోమ్ భాగాలకు అరాల్డైట్.

సూదిని కటింగ్ ప్లయర్‌తో కత్తిరిస్తే మూతి నొక్కుకుపోతుంది. ముందు మొన విరిచి పారేయండి. తర్వాత సన్న ఆకురాయి అంచుతో సూది చుట్టూ గీత పెట్టి విరవండి. 1.5 మి.మీ. ముక్కలు పాతిక దాకా చేసి డబ్బాలో పెట్టుకోండి. ఇవే ప్లగ్ బూట్లు (వైరు కొసన ప్లగ్ మీద తొడిగే రబ్బరు తొడుగులు) అవుతాయి, ఇవే పైపు కీళ్లూ అవుతాయి.

4. బ్లోయర్, బెల్టు

6-71 అనే పేరు జీఎంసీ డీజిల్ ఇంజిన్ నుంచి వచ్చింది: ఆరు సిలిండర్లు, ఒక్కోటీ 71 క్యూబిక్ అంగుళాలు. ఆ ఇంజిన్‌కు గాలి ఊదే రూట్స్ బ్లోయరునే రేసర్లు తెచ్చి హెమీ నెత్తిన పెట్టారు. ఇందులో మోడల్‌కు పనికొచ్చే భాగం బెల్టు. బెల్టు వెడల్పు 3 అంగుళాలు, మన స్కేలులో 3 మి.మీ. కిట్‌లో బెల్టునూ పుల్లీలనూ ఒకే ముక్కగా పోసి ఇస్తే, పళ్లు ఒక్కోసారి బయటివైపు ఉంటాయి. అసలు బెల్టుకు పళ్లు లోపలివైపు ఉండి పుల్లీ పళ్లలో కూర్చుంటాయి, బయటివైపు నున్నగా ఉంటుంది. బయటి పళ్లను గీకేసి మ్యాట్ నలుపు వెయ్యండి. బిగుతు కోసం పెట్టే ఐడ్లర్ పుల్లీ బెల్టు నున్నటి వీపును నొక్కుతుంది, కాబట్టి ఆ పుల్లీకి పళ్లు ఉండవు.

పై పుల్లీ చిన్నదైతే బ్లోయర్ ఇంజిన్ కన్నా వేగంగా తిరుగుతుంది, పెద్దదైతే నెమ్మదిగా. రెండు పుల్లీల సైజు ఫోటోలో చూసి మరీ పెట్టండి.

5. మాగ్నెటో నుంచి ప్లగ్ దాకా

ఈ పనికి తొందర పనికిరాదు, ఒక సాయంత్రం కేటాయించండి.

392లో మాగ్నెటో ఇంజిన్ వెనక, బ్లోయర్ వెనకాల నిలువుగా ఉంటుంది. 426 హెమీ అయితే ముందుభాగంలో కుడివైపు ఒరిగి ఉంటుంది. ఈ రెండింటినీ కలగాపులగం చెయ్యడం తరచూ కనిపించే తప్పు. మాగ్నెటో మూతకు సరిగ్గా 8 బెజ్జాలు వెయ్యండి. నడిమధ్య తొమ్మిదోది వద్దు. మామూలు డిస్ట్రిబ్యూటరుకు మధ్యలో ఉండేది కాయిల్ నుంచి వచ్చే వైరు. మాగ్నెటోలో కాయిల్ లోపలే ఉంటుంది. దాని ఒంటి పక్క నుంచి మాత్రం ఒక సన్నని వైరు డ్రైవరు దగ్గరి స్విచ్‌కు పోతుంది. ఆ స్విచ్ వేస్తే మాగ్నెటో ఎర్త్ అయి ఇంజిన్ ఆగిపోతుంది. దీనికి 34 గేజి తీగ చాలు.

8 బెజ్జాలు సమదూరంలో రావాలంటే, మూత సైజులో గుండ్రటి కాగితం కత్తిరించి మూడుసార్లు సగానికి మడవండి. విప్పితే 8 మడత గీతలు వస్తాయి. దాన్ని మూత మీద పెట్టి గీతల కొసల్లో గుండుసూదితో గుచ్చి, తర్వాత 0.35 బిట్‌తో తొలవండి.

ఇప్పుడు ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లకు స్పార్కు అందే వరస): 1-8-4-3-6-5-7-2. డ్రైవరు ఎడమవైపు ముందు నుంచి 1, 3, 5, 7. కుడివైపు 2, 4, 6, 8. మూత చుట్టూ వరసగా వచ్చే వైర్లు పోయే దిక్కు చూడండి: ఎడమ, కుడి, కుడి, ఎడమ, కుడి, ఎడమ, ఎడమ, కుడి. అంటే ఎడమ సగంలోని నాలుగూ ఎడమకు, కుడి సగంలోని నాలుగూ కుడికి పోవు. మూత దగ్గర కొన్ని ఒకదాన్నొకటి దాటాల్సిందే. బొమ్మ దువ్వెనలా నీటుగా రెండుగా చీలిన వైర్లు చూడ్డానికి బాగుంటాయి గానీ ఆ ఇంజిన్ స్టార్ట్ కాదు.

హెమీలో ప్లగ్‌లు వాల్వ్ కవర్ నడిమధ్య నుంచి దిగుతాయి. షెవ్రొలే ఇంజిన్లలోలా వైర్లు కిందికి దిగి ఎగ్జాస్ట్ పైపుల సందుల్లోకి పోవు. ఒక్కో కవర్ మీద నడుమ వరసలో నాలుగు చోట్ల 0.7 మి.మీ. బెజ్జం వేసి, సూది ముక్క దించి, 0.8 మి.మీ. పైకి కనిపించేలా జిగురు పెట్టండి. దానికి మ్యాట్ నలుపు వేస్తే రబ్బరు బూటు అయిపోతుంది.

తీగలు పొడవుగా కోసుకోండి, ముందున్న 1, 2 సిలిండర్లవి అన్నిటికన్నా పొడవు. ముందు మూతలో అతికించి, ఎండాక వంపులు తిప్పి, చివరికి బూటు దగ్గర కత్తిరించి లోపలికి దించండి. రంగు వంపులు తిరిగాకే. ముందే వేస్తే వంగినచోట పగిలి రాగి మెరుస్తుంది.

6. ఇంధనం దారి

పెట్రోలుకు ఒక పాలు ఇంధనానికి 14.7 పాళ్ల గాలి కావాలి. నైట్రోమీథేన్‌కు 1.7 పాళ్లు చాలు. ఇంజిన్ మింగే గాలి అంతే, ఇంధనం మాత్రం ఎన్నో రెట్లు. నైట్రో కారు గొట్టాలు అంత లావుగా ఉండటానికి కారణం ఇదే. మోడల్‌లో అన్నిటికీ ఒకే తీగ వాడితే ఈ సంగతి కనబడకుండా పోతుంది.

దారి వరస ఇలా వెయ్యండి. ముందున్న ట్యాంకు అడుగు నుంచి 20 గేజి సోల్డర్ తీగ బయల్దేరి, ఇంజిన్ ముందుభాగంలో కామ్‌షాఫ్ట్‌తో తిరిగే పంపుకు చేరుతుంది. పంపు నుంచి 22 గేజి తీగ ఇంజెక్టరు మీది బ్యారెల్ వాల్వ్‌కు (ఇంధనం మోతాదు చూసే వాల్వ్) పోతుంది. అక్కడి నుంచి పంపిణీ బ్లాకుకు. బ్లాకు నుంచి 34 గేజి సన్న పైపులు నాజిళ్లకు. చాలా కార్లకు ఇంజెక్టరులోనే కాక, కింద మ్యానిఫోల్డ్‌లో కూడా నాజిళ్లుండేవి. ఫోటోలో చూసి లెక్కపెట్టండి.

అందరూ మరిచేది తిరుగు గొట్టం. పంపు ఇంజిన్ వేగాన్ని బట్టి తిరుగుతూ ఎప్పుడూ అవసరానికి మించే తోడుతుంది. మిగిలింది ట్యాంకుకు వెనక్కి రావాలి. బ్యారెల్ వాల్వ్ నుంచి ట్యాంకు పైభాగానికి ఇంకో 22 గేజి తీగ వెయ్యండి. ట్యాంకు మూత దగ్గర ఒక చిన్న గాలి గొట్టం, దారిలో ఒక షటాఫ్ వాల్వ్, దాని నుంచి డ్రైవరు దాకా కేబుల్ ఉంటే ఇంధనం పని పూర్తయినట్టే. ప్రతి కీలు దగ్గర లావుకు తగ్గ సూది ముక్క తొడగండి, 22 గేజి సోల్డర్‌కు 18 గేజి సూది పట్టుతుంది.

7. మిగిలినవి

థ్రాటిల్: పెడల్ నుంచి సన్నని రాడ్డు ఇంజెక్టరు చేతికి పోతుంది. గుండుసూది నిటారుగా ఉంటుంది కాబట్టి రాడ్డుకు అదే మేలు. వెనక్కి లాగే స్ప్రింగుకు సన్న రాగి తీగను సూది చుట్టూ దగ్గర దగ్గరగా చుట్టి జారవిడవండి.

ఎగ్జాస్ట్ పైపుల కొసలు గుల్లగా ఉండాలి. మూతి మధ్యలో 1 మి.మీ. బెజ్జంతో మొదలుపెట్టి, కత్తి మొనతో గోడ పల్చబడేదాకా తొలిచి, లోపల మసి నలుపు వెయ్యండి. ఎనిమిదీ విడివిడి పైపులు, ఎక్కడా కలవవు.

ఇంజిన్ వెనక గేర్‌బాక్స్ వెతక్కండి. 1960ల కార్లలో ఎక్కువ వాటికి క్లచ్ డబ్బా, పొట్టి కప్లింగు, వెంటనే వెనక ఇరుసు. వెనక స్ప్రింగులు కూడా ఉండవు, ఇరుసు ఛాసిస్‌కు నేరుగా బిగుసుకుని ఉంటుంది. కిట్ ఇచ్చిన ఇరుసు కింద ఖాళీ కనిపిస్తే అక్కడ బ్రాకెట్ పెట్టి మూసెయ్యండి.

క్రోమ్ ఎక్కువైందనిపిస్తే భాగాలను ఇంట్లో వాడే బ్లీచ్‌లో నానబెట్టండి, పూత ఊడిపోతుంది. చేతికి గ్లౌజులు వేసుకోండి, బ్లీచ్‌లో యాసిడ్ కలిసే పనే పెట్టుకోకండి. మెగ్నీషియం చక్రాలు మెరవవు, గోధుమ ఛాయ కలిసిన మ్యాట్ బూడిద రంగు వాటికి సరిపోతుంది. మిగిలిన క్రోమ్ దగ్గర ఫెవిక్విక్ వాడితే తెల్లటి పొగ మచ్చ పడుతుంది, అక్కడ అరాల్డైట్టే వాడండి. స్లిక్ (గాళ్లు లేని నున్నటి) టైర్ల నేలను తాకే భాగాన్ని 220 ఎమరీతో అడ్డంగా కాక, తిరిగే దిశలోనే రుద్దండి. ప్యారాషూట్ తాడు వెనక ఛాసిస్ గొట్టానికి కట్టి ఉండాలి, సీటుకు కాదు.