ఎండాకాలం క్యాబేజీ వేస్తున్నారా? నాటకముందే ఇవి చూసుకోండి

క్యాబేజీ చల్లదనం కోరే పంట. 15 నుంచి 20 డిగ్రీల మధ్య గడ్డ బాగా కడుతుంది. జనవరి చివర్లో నాటితే గడ్డ ఊరే సమయానికి ఏప్రిల్ ఎండలు వచ్చేస్తాయి. ధర బాగుంటుందని చాలామంది ఈ పంటకు దిగుతారు. బోరులో ఏప్రిల్ దాకా నీళ్లు ఉంటాయన్న నమ్మకం లేకపోతే మాత్రం ఈసారికి వద్దనే చెబుతాను. సగంలో నీళ్లు ఆగితే ఈ పంట కోలుకోదు.

విత్తనం వేడిని తట్టుకునే హైబ్రిడ్ రకమే కావాలి. చలికాలంలో మిగిలిన ప్యాకెట్ ఉంది కదా అని అదే చల్లితే ఆకులు విచ్చుకుని ఉంటాయి తప్ప గడ్డ గట్టిపడదు. నారు షేడ్ నెట్ కింద ట్రేలలో పెంచి, నాటే ముందు వారం రోజులు మెల్లగా ఎండకు అలవాటు చేయాలి. నాటడం సాయంత్రం పూటే, వెంటనే తడి ఇవ్వాలి.

అసలు జాగ్రత్తంతా నీళ్ల దగ్గరే. క్యాబేజీ వేళ్లు పైపైనే ఉంటాయి, ఎండకు త్వరగా ఆరిపోతాయి. డ్రిప్ ఉంటే రోజూ కొద్దికొద్దిగా ఇవ్వడం మేలు. కరెంటు లేకనో మోటారు కాలిపోయో నాలుగు రోజులు తడి తప్పిందనుకోండి. కంగారుపడి ఒకేసారి మడి నిండా పెట్టకండి. ముదిరిన గడ్డ లోపల ఆకులు ఒక్కసారిగా ఉబ్బుతాయి, పై ఆకులు సాగలేక గడ్డ పగిలిపోతుంది. చివర్లో యూరియా ఎక్కువ వేసినా ఇదే నష్టం. గడ్డ తయారై కోత ఆలస్యమయ్యేలా ఉంటే, గడ్డను రెండు చేతులతో పట్టుకుని కొద్దిగా తిప్పండి. కొన్ని వేళ్లు తెగి, మొక్క నీళ్లు పీల్చడం తగ్గి, పగలడం కొన్నాళ్లు ఆగుతుంది.

తడి ఎగుడుదిగుడైతే ఇంకో చిక్కుంది. లోపలి లేత ఆకుల అంచులకు కాల్షియం అందక మాడతాయి. పైకి గడ్డ నిగనిగలాడుతూనే ఉంటుంది, కోసిన తర్వాతే తెలుస్తుంది. కాండం లోపల డొల్లగా ఉంటే బోరాన్ లోపం కావచ్చు, మట్టి పరీక్ష చేయించి బోరాక్స్ వేయండి.

ఇక క్యాబేజీ ఆకులను తినేసే డైమండ్ రెక్కల పురుగు. వేడికి దీని తరాలు త్వరత్వరగా మారతాయి, వాడిన మందే మళ్లీ మళ్లీ వాడితే దానికి అలవాటు పడిపోతుంది. ప్రతి 25 వరుసల క్యాబేజీకి 2 వరుసల ఆవాలు వేయండి. ఒక వరుస నాటడానికి 15 రోజుల ముందు, రెండోది నాటిన 25 రోజులకు. పురుగు గుడ్లు ముందు ఆవాల మీద పెడుతుంది, మందు అక్కడే కొట్టొచ్చు. పంట మీద 5 శాతం వేప గింజల కషాయంలో, అది ఆకుకు అంటుకునేలా జిగురు మందు కలిపి, ఆకు అడుగు తడిసేలా సాయంత్రం పిచికారీ చేయాలి. రసాయన మందు తప్పదనుకుంటే కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో డబ్బా మీద చదివి, కచ్చితంగా పాటించండి. ఈ గడ్డను పిల్లలు కూడా తింటారు.

వేలితో నొక్కితే గట్టిగా ఉన్న గడ్డలనే తెల్లవారుజామున కోయండి. ఎండ ముదిరేలోపు కూలీలను చేను నుంచి పంపేయాలి, వాళ్ల ప్రాణం ముఖ్యం. రెండు మూడు పై ఆకులు ఉంచి కోసి, గడ్డలను నీడలో పరచండి. తడి గడ్డలను గోనెలో కుక్కితే దారిలోనే కుళ్లుతాయి. బండి మాట్లాడుకున్న తర్వాతే కోత మొదలుపెట్టండి. మోళ్లను చేలో వదలకుండా పీకేయండి. ఆకు అంచున వి ఆకారంలో పసుపు మచ్చలు నల్ల కుళ్లు తెగులుకు గుర్తు, అవి కనిపించిన చేలో రెండేళ్లు క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి వేయొద్దు.