మంచం పక్క పాఠాలు – 4: పళ్లెం నెట్టేసే పేషెంటు

పోయిన పాఠంలో ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్ట్ (పేషెంటు ఎంత తిన్నాడు, తాగాడు, బయటికి ఎంత పోయింది అని రాసే కాగితం) రాయడం నేర్చుకున్నాం. అందులో "తినలేదు" అని రాసి సంతకం పెట్టడానికి అర నిమిషం పట్టదు. ఎందుకు తినలేదో కనుక్కోవడం ఈ వారం పని.

కర్నూలులో నేను ఆర్థో వార్డులో నర్సుగా ఉన్నప్పుడు పత్తికొండ పక్క పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. మూడు రోజులు ఏ పూటా సరిగా తినలేదు. ఇడ్లీ పెడితే "ఇదేమన్నా మనుషులు తినే కూడేనా, తీస్కపో" అని కసిరేవాడు. కోడలు ఇంటి నుంచి రాగి సంగటి, పప్పు తెప్పిస్తే రెండు ముద్దలు తిని పళ్లెం నెట్టేశాడు. మొండి మనిషని మేమంతా పేరు పెట్టేశాం. నాలుగో రోజు కోడలు మందుల కోసం కిందికి పోయింది. నేను స్టూల్ లాక్కుని పక్కన కూర్చుని, "తాతా, కడుపులో ఏమన్నా ఇబ్బందిగా ఉందా?" అని మెల్లగా అడిగాను. చాలాసేపు గోడకేసి చూశాడు. "తింటే దొడ్డికి పోవాల గదమ్మా. కోడలు పిల్ల చేత అది ఎత్తించుకోవాలంటే..." అని ఆగిపోయాడు.

ఆ పూట నుంచి బెడ్‌ప్యాన్‌కు ఎంఎన్ఓను (వార్డులో ఉండే మగ సహాయకుణ్ని) పిలిచాం, స్క్రీన్ అడ్డం పెట్టాం. మధ్యాహ్నం ముద్ద మొత్తం తిన్నాడు. కసురుకోవడం మానేశాడని మాత్రం చెప్పను. అన్నం బాగుందా అంటే "ఉప్పెవరేసినారు?" అన్నాడు.

కాబట్టి పళ్లెం తీసుకుపోయే ముందు మనిషిని చూడండి. నొప్పి ఉందా? డాక్టర్ రాసిన నొప్పి మాత్ర భోజనానికి అరగంట, ముప్పావుగంట ముందు పడేట్టు చూసుకుంటే సగం చిరాకు తగ్గుతుంది. డ్రెస్సింగ్ చేసిన వెంటనే అన్నం పెట్టొద్దు. విరేచనం ఎప్పుడైంది? ట్రమడాల్ లాంటి నొప్పి మందులు మలబద్ధకం తెస్తాయి. నోరు తెరిపించి చూడండి: పుండ్లు ఉండొచ్చు, నాలుక ఎండిపోయి ఉండొచ్చు. కట్టుడు పళ్లు ఆపరేషన్ ముందు తీసి ఏ సంచిలోనో మూట కట్టి మర్చిపోయి ఉండొచ్చు.

ఇక్కడ ఒకటి గట్టిగా పట్టుకోండి. నిన్నటిదాకా నెమ్మదిగా ఉన్న మనిషి ఈరోజు ఉన్నట్టుండి తిడుతుంటే దాన్ని స్వభావం కింద రాయొద్దు. చెమటలు, వణుకు ఉంటే వెంటనే షుగర్ చూడండి. 70 కన్నా తక్కువుండి, మనిషి తెలివిగా ఉండి మింగగలిగితే 15 గ్రాముల చక్కెర, అంటే మూడు టీస్పూన్లు, నీళ్లలో కలిపి తాగించి 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. మగతగా ఉంటే నోట్లో చుక్క కూడా పోయొద్దు, డాక్టర్‌ను పిలవండి. ఆక్సిజన్ తగ్గినా మనిషి ఇట్లాగే గొడవ చేస్తాడు, వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూడండి. రోజూ తాగే అలవాటున్నవాడు వార్డులో చేరిన రెండో రోజో మూడో రోజో చేతులు వణుకుతూ, లేనివి కనబడుతున్నాయని అంటుంటే అదీ డాక్టర్‌కు చెప్పాల్సిన సంగతే. అన్నం ముందు ఇన్సులిన్ వేయాల్సినవాళ్లు అన్నం వద్దంటే, డాక్టర్‌ను అడగకుండా సూది వేయొద్దు.

ఇక తినిపించడం. నలభై మంచాలకు ఇద్దరమే ఉన్న రోజుల్లో, ఇది అటెండెంట్ల పని అని నేనూ తప్పించుకున్నాను. అయినా ఒక్క పేషెంటు దగ్గరైనా కూర్చుని చేయందే ఈ పని రాదు.

మంచం తల వైపు ఎత్తి వీలైనంత నిటారుగా కూర్చోబెట్టండి. మీరూ కూర్చోండి, మీ కళ్లు ఆయన కళ్లకు సమానంగా ఉండాలి. నిలబడి తినిపిస్తే ఆయన తల పైకెత్తాలి, తల వెనక్కి వాలితే మెతుకు శ్వాసనాళంలోకి జారే ప్రమాదం ఎక్కువ. గడ్డం కొంచెం కిందికే ఉండనివ్వండి. టీస్పూన్‌తో కొద్దిగా పెట్టి గొంతు చూడండి. గొంతుముడి పైకి లేచి దిగిందా? అప్పుడే రెండో స్పూన్. దగ్గు వచ్చినా, గొంతు తడిగా గరగరమన్నా ఆపేయండి. తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు.

పక్షవాతం వచ్చినవాళ్ల విషయంలో మన సీమవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. సంగటి మనం నమలం, పప్పులో అద్ది మింగుతాం. గొంతు బలం తగ్గినవాళ్లకు ఆ ముద్దే అడ్డం పడుతుంది. పోనీ జావ పలచగా ఉంది కదా అని అది పోస్తారు. పలచటిది ఇంకా తొందరగా ఊపిరితిత్తుల వైపు జారుతుంది. మింగే పరీక్ష అయ్యి, ఎంత చిక్కగా ఇవ్వాలో డాక్టర్ చెప్పేదాకా ఏదీ వద్దు. మొదలుపెట్టాక బాగున్న వైపు బుగ్గలో పెట్టి, చివర్లో పడిపోయిన వైపు బుగ్గలో మెతుకులు మిగిలాయేమో చూడండి.

మాట దగ్గరికొస్తే, "తింటావా?" అని అడిగితే "వద్దు" అనే వస్తుంది. "తాతా, మజ్జిగ ముందా, అన్నం ముందా?" అనండి. "తినకపోతే ముక్కులో పైపు వేస్తాం" అని బెదిరించొద్దు. రేపు నిజంగానే పైపు అవసరమైతే అది శిక్ష అనుకుని పీకేస్తాడు. చెయ్యి విసిరితే ఒక అడుగు వెనక్కి జరగండి, వేడి గిన్నె ఆయనకు అందనంత దూరంలో పెట్టండి. రెండుసార్లు వద్దంటే మూత పెట్టి వచ్చేయండి, ఇరవై నిమిషాలాగి మళ్లీ పోండి. చాలాసార్లు ఆ రెండో రాకకే తింటారు.

ఈ వారం అభ్యాసం: హాస్టల్లో స్నేహితురాలి చేత పెరుగన్నం పెట్టించుకోండి. ఆమె నిలబడి ఆరు స్పూన్లు, కూర్చుని ఆరు స్పూన్లు పెట్టాలి. మీ చేతులు ఒళ్లోనే ఉండాలి. ఎన్నో స్పూన్‌కు మీకు చిరాకు మొదలైందో నోట్‌బుక్‌లో రాయండి. వచ్చే పాఠంలో ఆ ముక్కు పైపు, అంటే రైల్స్ ట్యూబ్. ఈ నోట్‌బుక్ దగ్గర పెట్టుకుని చదవండి.