గ్రోసీ ఆప్‌తో వంటింటి లెక్క: కొలతల దగ్గర్నుంచి సరుకుల చీటీ దాకా

ఇంట్లో ఏ సరుకు ఎంత ఉంది, ఏది నిండుకోబోతోంది, ఉన్న వాటితో ఏం వండొచ్చు అనే మూడు లెక్కల్నీ ఒకేచోట పెట్టే ఆప్‌లలో గ్రోసీ (Grocy) గట్టిది. ఇది ఓపెన్ సోర్స్, డబ్బు కట్టక్కర్లేదు, డేటా మన ఇంట్లోని కంప్యూటర్‌లోనే ఉంటుంది. కానీ మొదటి రోజే వంద సరుకులు ఎక్కించి, నెల తిరక్కుండానే వదిలేసేవాళ్లు చాలామంది. దాదాపు ఎప్పుడూ కారణం ఒక్కటే: కొలతలు సరిగ్గా కుదుర్చుకోకపోవడం. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం కొలతల గురించే.

ముందు ఇన్‌స్టాల్ సంగతి. గ్రోసీ ఫోన్‌లో ఒంటరిగా నడిచేది కాదు. ఇంట్లో ఒక కంప్యూటర్ మీద సర్వర్‌గా నడుస్తుంది, ఫోన్లు దానికి కనెక్ట్ అవుతాయి. ఒక్కరే, ఒక్క కంప్యూటర్‌లోనే వాడతామంటే విండోస్‌కి గ్రోసీ డెస్క్‌టాప్ ఉంది, అది చాలు. ఇంట్లో అందరి ఫోన్లలో కావాలంటే రాస్‌ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) గానీ పాత ల్యాప్‌టాప్ గానీ తీసుకుని డాకర్‌లో (ఆప్‌లను విడివిడి కంటైనర్లలో నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టండి. లైనక్స్‌సర్వర్ వాళ్ల ఇమేజ్ (డాకర్ కోసం ముందే తయారుచేసి పెట్టిన ప్యాకేజీ) వాడితే సాధారణంగా 9283 పోర్టులో (బ్రౌజర్‌లో అడ్రస్ చివర కొట్టే నంబర్) తెరుచుకుంటుంది. హోమ్ అసిస్టెంట్ (ఇంట్లోని స్మార్ట్ పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్) ఇప్పటికే నడుపుతున్నవాళ్లకు యాడ్-ఆన్‌గా దొరుకుతుంది. మొదటి లాగిన్‌కి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ అడ్మిన్ (admin). లోపలికి వెళ్లగానే పాస్‌వర్డ్ మార్చండి.

రౌటర్‌లో ఆ కంప్యూటర్‌కి ఒక ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే నంబర్) ఖాయం చేయడం మరిచిపోవద్దు. కరెంటు పోయి వచ్చాక ఐపీ మారిపోతే ఫోన్లకు సర్వర్ దొరకదు, "ఆప్ పాడైంది" అని ఇంట్లోవాళ్లు వాడటం మానేస్తారు. ఫోన్‌లో గ్రోసీ ఆండ్రాయిడ్ ఆప్ వేసుకుని, సర్వర్ సెట్టింగుల్లో ఏపీఐ కీ (ఆప్‌ని సర్వర్‌లోకి అనుమతించే తాళంచెవి లాంటి కోడ్) తయారుచేసి, అక్కడ కనిపించే క్యూఆర్ కోడ్‌ని స్కాన్ చేస్తే కనెక్ట్ అయిపోతుంది. ఫోన్ బ్రౌజర్‌లోంచి బార్‌కోడ్ స్కాన్ చేయాలని చూస్తే మాత్రం కెమెరా తెరుచుకోకపోవచ్చు. హెచ్‌టీటీపీఎస్ (సురక్షిత కనెక్షన్) లేని సైటుకి బ్రౌజర్ కెమెరా ఇవ్వదు. ఆండ్రాయిడ్ ఆప్‌కి ఆ ఇబ్బంది లేదు.

స్టాక్ యూనిట్: ఇక్కడ తొందరపడొద్దు

మాస్టర్ డేటాలో (మూల వివరాలు ఎక్కించే మెనూ) ముందు లొకేషన్లు (అటక, వంటింటి అలమర, ఫ్రిజ్, ఫ్రీజర్), తర్వాత క్వాంటిటీ యూనిట్లు, ఆ తర్వాతే ప్రొడక్టులు ఎక్కించాలి. ఫ్రీజర్ లొకేషన్‌కి అది ఫ్రీజర్ అని టిక్ పెట్టండి, దాని పని తేదీల దగ్గర చెబుతాను.

ప్రతి ప్రొడక్టుకీ ఒక స్టాక్ యూనిట్ ఉంటుంది. లెక్కంతా అందులోనే జరుగుతుంది. చాలామంది "ప్యాకెట్" అని పెడతారు. కందిపప్పు ఒకసారి కిలో ప్యాకెట్ తెస్తారు, ఇంకోసారి అరకిలో, పక్క కొట్లో అయితే విడిగా రెండు కిలోలు. ఇక "3 ప్యాకెట్లు" అన్న అంకెకు అర్థం ఉండదు. తూకానికి కొనేవన్నీ గ్రాముల్లోనే పెట్టండి. కొనేటప్పటి యూనిట్ కిలో, వాడేటప్పటి యూనిట్ గ్రాము అని విడివిడిగా ఎంచుకోవచ్చు కాబట్టి టైపు చేయడానికి కష్టమేమీ ఉండదు.

నూనె కూడా గ్రాముల్లోనే. మన నూనె ప్యాకెట్ల మీద లీటరుకు 910 గ్రాములని రాసి ఉంటుంది. చూడటానికి లీటరు ప్యాకెట్‌లా ఉండి 850, 800 గ్రాములే ఉండేవీ ఇప్పుడు కొట్లలో కనిపిస్తున్నాయి. గ్రాముల్లో ఎక్కిస్తే ఆ తేడా లెక్కలోకి వస్తుంది, ఏ బ్రాండు నిజంగా చవకో ధరల చరిత్రలో తెలుస్తుంది.

గుడ్లకు సంఖ్య (1 ట్రే = 30), కొత్తిమీర, తోటకూరలకు కట్ట, కొబ్బరికి చిప్ప (1 కాయ = 2 చిప్పలు) సరిపోతాయి. అమెరికాలో ఉన్నవాళ్లు పౌండును కన్వర్షన్‌గా (ఒక యూనిట్‌ని ఇంకోదానిలోకి మార్చే లెక్క) పెట్టుకోవాలి: 1 పౌండు = 453.6 గ్రాములు. ఇండియన్ స్టోర్‌లో కొనే 20 పౌండ్ల సోనామసూరి సంచి 9,072 గ్రాములన్నమాట.

కప్పులు, గ్లాసుల దగ్గరే అసలు చిక్కు. "1 కప్పు = 200 గ్రాములు" అని అన్ని సరుకులకూ ఒకే కన్వర్షన్ పెడితే వంటకాల లెక్క తప్పుతుంది. 240 మిల్లీలీటర్ల కప్పుకు కందిపప్పు సుమారు 200 గ్రాములు పడుతుంది, గోధుమపిండి 120 నుంచి 130 దాకానే. అందుకని కన్వర్షన్‌ని ఆయా ప్రొడక్టు పేజీలోనే, దానికి మాత్రమే వర్తించేలా పెట్టాలి. ఇంట్లో రోజూ బియ్యం కొలిచే గ్లాసునే తీసుకుని, అంచుకు సమంగా నింపి, కిచెన్ తూకం మీద పెట్టి చూడండి. బియ్యం, పప్పులు, రవ్వలు, పిండ్లు అన్నీ అరగంటలో అయిపోతాయి.

పేర్ల విషయంలో ఒక మాట. ప్రొడక్టు పేరు తెలుగులో పెట్టొచ్చు, కానీ ఇంట్లో ఎవరో ఒకరు ఇంగ్లీషు అక్షరాల్లో వెతుకుతారు, దొరక్కపోతే అదే సరుకును ఇంకోసారి సృష్టిస్తారు. స్టాక్ రెండుగా చీలిపోతుంది. పేరులోనే తెలుగు, పక్కన గీత గీసి ఇంగ్లీషు అక్షరాల్లో కూడా రాసేయండి.

ఏవి ఎక్కించాలి, ఏవి వద్దు

రోజూ వచ్చి రోజూ అయిపోయేవి (పాల ప్యాకెట్లు, పెరుగు, కరివేపాకు) వద్దు. వాటిని రాసే శ్రమకు తగ్గ ఫలితం లేదు. బియ్యం, పప్పులు, రవ్వలు, పిండ్లు, నూనెలు, చింతపండు, ఎండుమిర్చి, బెల్లం, పంచదార, కాఫీ, టీ పొడులు, డ్రైఫ్రూట్స్, పచ్చళ్లు, ఫ్రీజర్‌లోవి: ముప్పై నలభై వస్తువులతో మొదలుపెట్టి, అవి నిలకడగా నడిచాకే మిగతావి కలపండి.

ఒకే సరుకు రెండు మూడు బ్రాండ్లలో తెచ్చే ఇల్లయితే "కందిపప్పు" అని ఒక పేరెంట్ ప్రొడక్టు పెట్టి బ్రాండ్లను దాని కింద చేర్చండి. వంటకంలో పేరెంట్‌నే రాస్తే ఏ బ్రాండు ఉన్నా లెక్కలోకి వస్తుంది. విడి సరుకు కొనేవాళ్లకు ఇది అనవసరం, ఒక్క పేరు చాలు.

బార్‌కోడ్ల మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. మన దేశంలో నమోదైన కోడ్లు 890తో మొదలవుతాయి. పెద్ద కంపెనీల సరుకుల వివరాలు ఓపెన్ ఫుడ్ ఫ్యాక్ట్స్‌లో (అందరూ కలిసి నింపే ఉచిత ఆహార వివరాల డేటాబేస్) దొరకొచ్చు, ఊరి మిల్లు పప్పు ప్యాకెట్లవి చాలావరకు దొరకవు. కానీ ఒకసారి మీరే ప్రొడక్టుకి కోడ్ తగిలించి, ఆ కోడ్‌కి "1 కిలో" అని పరిమాణం కూడా రాసిపెడితే, తర్వాత స్కాన్ చేయగానే సరుకూ బరువూ రెండూ పడిపోతాయి.

డబ్బాతో సహా తూచే పద్ధతి

గ్రోసీలో నాకు అన్నిటికంటే నచ్చిన సదుపాయం ఇది. ప్రొడక్టు పేజీలో టేర్ వెయిట్ హ్యాండ్లింగ్ అని ఒక టిక్ ఉంటుంది. ఖాళీ డబ్బా బరువు ఒక్కసారి అక్కడ రాస్తే చాలు, ఆ తర్వాత ఎప్పుడైనా డబ్బాను అలాగే తూకం మీద పెట్టి కనిపించిన అంకె కొట్టడమే.

ఇడ్లీ రవ్వ డబ్బా ఖాళీగా 380 గ్రాములు అనుకోండి. కిలో రవ్వ పోశాక తూకం 1,380 చూపిస్తుంది. కొనుగోలు పేజీలో 1,380 అని కొడితే గ్రోసీ 1,000 గ్రాములు జమ చేసుకుంటుంది. వారం తర్వాత తూకం 910 చూపిస్తే, వాడకం పేజీలో 910 కొట్టండి. 470 గ్రాములు ఖర్చు, 530 మిగులు అని తనే రాసుకుంటుంది. గరిటెడు తీసిన ప్రతిసారీ రాసే పని పోతుంది.

తప్పులు జరిగేది మూడుచోట్ల. ఖాళీ డబ్బాను మూత లేకుండా తూచి, తర్వాత మూతతో తూచడం ఒకటి. కొన్నప్పుడు డబ్బాతో సహా బరువు కాకుండా ప్యాకెట్ బరువు మాత్రమే కొట్టడం రెండోది. డబ్బాలో ఇప్పటికే సరుకుంటే, ఉన్నదానికంటే తక్కువ అంకె కొట్టారని ఆప్ ఒప్పుకోదు. మూడోది, ఒకే సరుకును రెండు డబ్బాల్లో పోయడం. ఈ పద్ధతి ఒక సరుకుకి ఒకే డబ్బా అనుకుని లెక్కేస్తుంది. పాతిక కిలోల బియ్యం బస్తా ఒకచోట, రోజువారీ డబ్బా ఒకచోట ఉండే ఇంట్లో బియ్యానికి దీన్ని వాడొద్దు. బియ్యాన్ని ఇన్వెంటరీ పేజీలో (ఉన్న స్టాక్ ఎంతో నేరుగా రాసే చోటు) వారానికోసారి సరిదిద్దుకోవడమే మేలు.

తేదీలు

ప్రతి ప్రొడక్టుకీ తేదీ బెస్ట్ బిఫోర్ రకమా, ఎక్స్‌పైరీ రకమా అని అడుగుతుంది. మొదటిది దాటితే రుచి, నాణ్యత తగ్గొచ్చు, చూసి వాడుకోవచ్చు. రెండోది దాటితే పారేయాల్సిందే. ప్యాకెట్ మీద ఏది రాసి ఉంటే అదే పెట్టండి. ఉప్పు, పంచదార లాంటివాటికి డిఫాల్ట్ రోజుల దగ్గర -1 అని రాస్తే ఎప్పటికీ గడువు దాటదు. విడిగా కొన్న పప్పులకు 120 రోజులు, రవ్వలకు 60 రోజులు పెట్టుకుంటే పురుగు పట్టేలోపే గుర్తుచేస్తుంది. వర్షాకాలంలో రవ్వల గడువు ఇంకా తగ్గించాలి. ఆవకాయకు 365 చాలు.

ప్యాకెట్ తెరిచాక ఎన్నాళ్లు అని వేరే గడి ఉంది. కొబ్బరిపాల డబ్బాకు 3, అల్లంవెల్లుల్లి ముద్దకు సీసా మీద రాసినన్ని. తెరిచినప్పుడు ఆప్‌లో "ఓపెన్" నొక్కితేనే ఈ గడువు మొదలవుతుంది. ఫ్రీజర్ టిక్ పని ఇక్కడే: కొబ్బరి తురుమును ఫ్రిజ్ నుంచి ఫ్రీజర్‌కి ట్రాన్స్‌ఫర్ చేస్తే, ఫ్రీజర్‌లో ఎన్నాళ్లు ఉంటుందని ముందే రాశారో ఆ ప్రకారం తేదీ తనంతట తనే మారుతుంది.

వంటకాలు రాయడం

వంటకానికి బేస్ సర్వింగ్స్ ఎంతమందికో ముందు తేల్చుకోండి. నలుగురికి సాంబారు అంటే కందిపప్పు 150 గ్రాములు, చింతపండు 25, సాంబారు పొడి 20, నూనె 20. సర్వింగ్స్ ఆరుకు మారిస్తే పప్పు 225 అవుతుంది. పప్పుకి ఈ లెక్క సరిగ్గానే ఉంటుంది, పోపుకి ఉండదు. పన్నెండు మందికి వండినా పోపు నూనె మూడింతలు అక్కర్లేదు. ఆ సంగతి వంటకం నోట్‌లో రాసుకోండి.

పోపుల పెట్టెలోవన్నీ (ఆవాలు, జీలకర్ర, మెంతులు, పసుపు, ఇంగువ) గ్రాముల్లో కొలవడం దండగ. పదార్థం దగ్గర "కొంచెమైనా స్టాక్‌లో ఉంటే చాలు" అనే టిక్ పెట్టండి. అప్పుడు ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది, వంటకం "కన్స్యూమ్" నొక్కినప్పుడు వీటిని తగ్గించదు. ఉప్పుకి పరిమాణం బదులు "తగినంత" అని రాసుకునే గడి కూడా ఉంది. కరివేపాకుకి స్టాక్ చూడటమే ఆపేయొచ్చు. అలా ఆపకపోతే కరివేపాకు లేదన్న కారణంతో ఇంట్లో అన్నీ ఉన్న వంటకం కూడా వండలేనిదిగా కనిపిస్తుంది.

దోసెపిండి లాంటి వాటికి మరో ఏర్పాటు ఉంది: వంటకం ఒక ప్రొడక్టును తయారుచేస్తుందని చెప్పడం. మినప్పప్పు 250 గ్రాములు, బియ్యం 750, మెంతులు చెంచాడు. దీన్ని "దోసెపిండి" ప్రొడక్టుకి కలిపి, ఆ ప్రొడక్టు యూనిట్‌ని "పూట" అని పెట్టండి. సర్వింగ్‌కి ఒక యూనిట్ చొప్పున స్టాక్‌లో చేరుతుంది. కాబట్టి ఆ పిండి మీ ఇంట్లో నాలుగు పూటలకు వస్తుందనుకుంటే బేస్ సర్వింగ్స్ 4. గడువు 4 రోజులు పెడితే పిండి పులిసి పాడయ్యేలోపే ఆప్ గుర్తుచేస్తుంది. దోసె, ఊతప్పం, పునుగుల వంటకాల్లో పదార్థంగా ఈ "పూట"నే రాసుకోవాలి.

సరుకుల చీటీ

కనీస స్టాక్ అనే గడిని చాలామంది అపార్థం చేసుకుంటారు. కనీసం 500 అని పెట్టి, స్టాక్ 450 ఉంటే, చీటీలో 50 గ్రాములు అని వస్తుంది. ఎవరూ 50 గ్రాముల కందిపప్పు కొనరు. నెలకోసారి సరుకులు తెచ్చే ఇల్లయితే కనీస స్టాక్‌ని నెలకు కావలసినంతగా పెట్టండి. నెలకు రెండు కిలోలు పడితే 2,000. కొట్టుకి వెళ్లే ముందు డబ్బాలు తూచి, ఇన్వెంటరీ సరిచేసి, "కనీసానికి తక్కువున్నవి చేర్చు" నొక్కితే, మిగిలింది పోను తేవలసినదే వస్తుంది. నెలంతా అవి తక్కువగా ఉన్నాయని రంగు చూపిస్తూనే ఉంటుంది, పట్టించుకోకండి. కింద కొట్లో ఎప్పుడైనా దొరికేవాటికి మాత్రం చిన్న అంకె చాలు.

చీటీలు రెండు పెట్టుకోవచ్చు: కిరాణాకి ఒకటి, రైతుబజారుకి ఒకటి. వారం వంటల ప్లాన్ రాసేవాళ్లు, లేని సరుకులను వంటకం వంటకానికీ విడిగా కాకుండా వారం మొత్తానికి ఉన్న బటన్‌తో చేర్చాలి. 400 గ్రాముల పప్పు ఉన్నప్పుడు, 300 చొప్పున కావలసిన రెండు వంటకాలూ విడిగా చూస్తే "ఉంది" అనే చూపిస్తాయి.

ఇంటికి తెచ్చాక చీటీలోంచే స్టాక్‌కి ఎక్కించండి. ధర కొట్టేటప్పుడు అది మొత్తం ధరా, యూనిట్ ధరా అన్నది చూసుకోండి. ఇక్కడ పొరపడితే వంటకం ఖర్చు ఎన్నో రెట్లు తప్పుగా చూపించొచ్చు.

నెలకోసారి బ్యాకప్ తీయండి, వెర్షన్ మార్చే ముందు తప్పనిసరిగా తీయండి. డాకర్ కంటైనర్‌ని ఆపి, డేటా ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే సరి. సరుకులు, వంటకాలు, ధరలన్నీ అందులోని గ్రోసీ డాట్ డీబీ అనే ఒక్క ఫైలులోనే ఉంటాయి, వంటకాల ఫొటోలు అదే ఫోల్డర్‌లో విడిగా ఉంటాయి. అందుకే ఫైలొక్కటే కాకుండా ఫోల్డర్ మొత్తం కాపీ చేయాలి.