రెమింగ్టన్ 700 టార్గెట్ రైఫిల్: ట్రిగ్గర్ సమస్యలు, కారణాలు, కొత్త ట్రిగ్గర్ ఎంపిక

రెమింగ్టన్ 700 అమెరికాలో 1962లో వచ్చింది. టార్గెట్ షూటింగ్ కోసం ఇప్పుడు విడిగా తయారవుతున్న చాలా కస్టమ్ యాక్షన్లకు (బోల్ట్, ట్రిగ్గర్ కూర్చునే రైఫిల్ మధ్య భాగం) కూడా దాని ట్రిగ్గరే సరిపోతుంది. అందుకే ఈ రైఫిల్‌కు దొరికినన్ని రకాల ట్రిగ్గర్లు వేరే రైఫిళ్లకు దొరకడం కష్టం. దాంతో చాలామంది ట్రిగ్గర్ బరువు, అంటే అది తెగడానికి (పిన్‌ను వదలడానికి) వేలితో పెట్టాల్సిన బలం "ఎన్ని ఔన్సుల దాకా తగ్గుతుంది?" అన్న ఒక్క అంకె చూసి కొనేస్తారు. నన్నడిగితే ఆ అంకె చివర్లో చూడాలి. అసలు రైఫిల్‌లో ఇబ్బంది ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి.

కింద చెప్పిన ఏ పరీక్ష చేసినా ఛాంబర్ (తూటా కూర్చునే చోటు), మ్యాగజైన్ ఖాళీగా ఉండాలి. మీరు పరీక్ష చేసే గదిలోనే తూటాలు ఉండకూడదు.

సమస్య: బోల్ట్ గట్టిగా మూసినా, సేఫ్టీ తీసినా ఫైరింగ్ పిన్ పడిపోతోంది

ఇది కనిపించిందంటే ఆ రైఫిల్‌తో ఇక ఒక్క షాట్ కూడా కాల్చకూడదు. ఫైరింగ్ పిన్‌ను వెనక్కి పట్టి ఉంచే సియర్‌కు కింద ఆనిక చాలడం లేదని దీని అర్థం. ఎవరో స్క్రూలు తిప్పి ఆనిక తగ్గించి ఉండొచ్చు, స్ప్రింగ్‌ను మరీ వదులు చేసి ఉండొచ్చు, లోపల మురికి, గడ్డకట్టిన నూనె చేరి ఉండొచ్చు.

పాత రైఫిళ్లలో ఉండే వాకర్ ట్రిగ్గర్‌లో కనెక్టర్ అనే సన్నటి విడి ముక్క ఉంటుంది. దానికీ ట్రిగ్గర్‌కీ మధ్య ఏదైనా ఇరుక్కుంటే సియర్ సరిగ్గా ఆనదు. ఆ తర్వాత వచ్చిన ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గర్లను కంపెనీయే 2014 ఏప్రిల్‌లో వెనక్కి పిలిచింది. 2006 మే 1 నుంచి 2014 ఏప్రిల్ 9 మధ్య తయారైన రైఫిళ్లు అందులో ఉన్నాయి. తయారీలో వాడిన జిగురు పదార్థం ఎక్కువై, ట్రిగ్గర్ నొక్కకుండానే పేలే ప్రమాదం ఉందని తేలింది.

పరిష్కారం ఒక్కటే: గన్‌స్మిత్‌కు చూపించి ట్రిగ్గర్ మొత్తం మార్చడం. సియర్ అంచును ఇంట్లో ఆకురాయితో అరగదీయడం మాత్రం వద్దే వద్దు. పైన ఉండే గట్టి పొర పోతే కొన్నాళ్లకే ఆనిక ఇంకా పాడవుతుంది.

సమస్య: గ్రూప్ (షాట్లు ఒకచోట పడటం) బాగానే వస్తోంది, ఒక్కో షాట్ మాత్రం పక్కకు పోతోంది

డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. తప్పు ట్రిగ్గర్‌దో కాదో ముందు చూడండి. స్కోప్‌లో గురి పెట్టి ఖాళీ రైఫిల్‌ను నొక్కండి. పిన్ పడే క్షణంలో క్రాస్‌హెయిర్ కదిలితే కారణం ట్రిగ్గర్ కావచ్చు, మీ వేలు కావచ్చు. కదలకుండా నిలబడితే స్కోప్ రింగులు, యాక్షన్ స్క్రూలు, స్టాక్‌లో యాక్షన్ కూర్చున్న తీరు, తూటాల రకం చూడాలి. స్క్రూ వదులైన రైఫిల్‌కు ఎంత ఖరీదైన ట్రిగ్గర్ పెట్టినా గ్రూప్ మారదు. (.22 రైఫిల్ అయితే ఖాళీగా నొక్కే ముందు స్నాప్ క్యాప్ అనే ఉత్తుత్తి తూటా పెట్టండి. లేకపోతే కొన్నిట్లో ఫైరింగ్ పిన్ ఛాంబర్ అంచుకు తగులుతుంది.)

క్రాస్‌హెయిర్ కదులుతుంటే పుల్ గేజ్ అనే కొలత పరికరంతో ట్రిగ్గర్ బరువు చాలాసార్లు కొలవండి. సగటు కంటే అంకెల మధ్య తేడా ముఖ్యం. ప్రతిసారీ 2 పౌండ్లకే (32 ఔన్సులకే) తెగే ట్రిగ్గర్, ఒకసారి 12, మరోసారి 20 ఔన్సులు చూపించేదానికంటే ఎంతో మేలు.

సమస్య: తెగే ముందు జరుగుతున్నట్టు, గరగరమన్నట్టు ఉంది

సియర్ ఆనిక ఎక్కువగా ఉండటం, ఆనే ముఖాలు గరుకుగా ఉండటం దీనికి కారణాలు. ట్రిగ్గర్‌టెక్ కంపెనీ వాళ్లు సియర్‌కూ ట్రిగ్గర్‌కూ మధ్య చిన్న రోలర్ పెట్టి ఈ రాపిడి తగ్గించారు. వాళ్ల డైమండ్ రకం 4 నుంచి 32 ఔన్సుల మధ్య సర్దుకుంటుంది. టిమ్నీ కంపెనీ 510 రకం ఒకటిన్నర నుంచి 4 పౌండ్లు. నిర్మాణం సాదాగా, గట్టిగా ఉంటుంది. జూయెల్ కంపెనీ ట్రిగ్గర్ చాలా తేలిగ్గా తెగుతుంది, బెంచ్‌రెస్ట్ (రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే పోటీ) వాళ్లకు ఇష్టమైనది. కానీ దుమ్ము పడితే మొండికేస్తుంది, కాబట్టి మట్టిలో పడుకుని కాల్చే పోటీలకు నేను సిఫారసు చేయను.

ట్రిగ్గర్ తెగే ముందు వేలికి ఒక ఆనిక తెలియాలనుకుంటే రెండు దశల ట్రిగ్గర్ తీసుకోండి. కొత్తగా నేర్చుకునేవారికి ఒకటిన్నర, 2 పౌండ్ల మధ్య ఉంచితే చాలు. ఔన్సుల ట్రిగ్గర్లు రైఫిల్ బ్యాగుల మీద కదలకుండా ఉన్నప్పుడే పనికొస్తాయి. మీ పోటీ నియమాలూ చూడండి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్ఎస్ఎఫ్ 300 మీటర్ల స్టాండర్డ్ రైఫిల్‌లో ట్రిగ్గర్ 1500 గ్రాములకు తగ్గకూడదు. 50 మీటర్ల రైఫిల్‌లో అలాంటి పరిమితి లేదు.

సమస్య: కొత్తది బిగించాక బోల్ట్ మూసినా కాక్ కావడం లేదు (పిన్ వెనక్కి ఆగడం లేదు), లేదా ట్రిగ్గర్ వెనక్కి రావడం లేదు

స్టాక్ తీసి చూడండి. బయట బాగా పనిచేసి, స్టాక్‌లో పెట్టగానే ఆగిపోతే ట్రిగ్గరో, సేఫ్టీ మీటో చెక్కకు రాసుకుంటోంది. ఆ చోట కొంచెం చెక్క తీయిస్తే సరిపోతుంది. చాలామంది ఈ చిన్న విషయం తెలియక కొత్త ట్రిగ్గర్‌ను తిప్పి పంపేస్తారు. బయట కూడా అంతే అయితే సియర్ ఆనిక, స్ప్రింగ్ మరీ తగ్గించి ఉన్నాయని.

బోల్ట్ కిందికి దించేటప్పుడు స్ప్రింగ్ బరువు మళ్లీ చేతికి తెలుస్తుంటే సంగతి వేరు. ఒక్కో కంపెనీ సియర్ ఎత్తు, స్థానం కొద్దిగా తేడాగా ఉంటాయి. దీన్ని స్క్రూలతో సరిచేయలేం, బోల్ట్, సియర్ కలిసే తీరును (టైమింగ్) గన్‌స్మిత్ సరిచేయాలి.

ఇక ఆర్డర్ చేసేటప్పుడే బోల్ట్ రిలీజ్ (బోల్ట్‌ను బయటికి తీసే మీట) సంగతి చూసుకోండి. అసలు రెమింగ్టన్‌లో అది ట్రిగ్గర్ దగ్గర ఉంటుంది. చాలా కస్టమ్ యాక్షన్లలో పక్కన ఉంటుంది, వాటికి రిలీజ్ లేని ట్రిగ్గర్ కావాలి.

బిగించాక

బోల్ట్‌ను పలుమార్లు గట్టిగా కొట్టి మూయండి. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కి, వేలు తీసి, సేఫ్టీ తీయండి. కాక్ చేసి, బట్‌ను రబ్బరు మ్యాట్ మీద తట్టండి. ఒక్కసారి పిన్ పడినా బరువు, ఆనిక పెంచాలి. లోపల నూనె పోయకండి, అది దుమ్మును పట్టి ఉంచుతుంది. స్క్రూలకు లాక్ జిగురు వేయాల్సి వస్తే సూది మొన మీద పట్టేంత చాలు, లోపలికి కారకూడదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇండియాలోని స్నేహితుల కోసం ట్రిగ్గర్ సూట్‌కేసులో పెట్టుకుని వెళ్దామనుకోవద్దు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ విడిభాగం కూడా ఆయుధం కిందకే వస్తుంది. లైసెన్స్ ఉన్న షూటర్ తగిన అనుమతులతోనే తెప్పించుకోవాలి.