ఐస్‌బోట్ రన్నర్ ప్లాంక్: మందం కాదు, వంగుడు చూసుకోండి

గడ్డకట్టిన సరస్సు మీద తెరచాపతో పరుగెత్తే ఐస్‌బోట్‌లో, బాడీకి అడ్డంగా రెండు చివర్లా ఉక్కు రన్నర్లను, అంటే మంచు మీద జారే బ్లేడులను, మోసే పలకే రన్నర్ ప్లాంక్. అమెరికాలో మిషిగన్, విస్కాన్సిన్ వైపు చాలామంది ఇంట్లో కట్టుకునేది డీఎన్ బోటు. 1937లో డిట్రాయిట్ న్యూస్ పత్రిక వర్క్‌షాపులో పుట్టింది కాబట్టి ఆ పేరు. బాడీ 12 అడుగులు, ప్లాంక్ 8 అడుగులు. కింది లెక్కలు దానికి సరిపోయేవి.

పక్కవాళ్ల ప్లాంక్ మందం కొలిచి అంతే పెడితే పని జరగదు. ఒకే మందం ఉన్న రెండు యాష్ (ఒక గట్టి కర్ర) పలకలు కూడా ఒకేలా వంగవు, పైగా మీ బరువు వేరు. చూసుకోవాల్సింది, మీరు ఎక్కితే అది ఎంత వంగుతుందన్నదే.

కర్రలో వైట్ యాష్ నమ్మకమైనది. బరువు తగ్గాలంటే మధ్యలో తేలికైన స్ప్రూస్ కర్ర, పైనా కిందా యాష్ పెట్టి ఎపాక్సీతో అతికిస్తారు. పలుచని బద్దలను వంపు ఉన్న అచ్చు మీద క్లాంపులతో బిగించి అతికిస్తే నడుము పైకి లేచిన ప్లాంక్ వస్తుంది. క్లాంపులు విప్పగానే వంపు కొంత తగ్గుతుంది, అచ్చులో ఆ మేరకు ఎక్కువే ఉంచాలి. అన్నిటికన్నా మంచి బద్ద అడుగుకి వెళ్లాలి, ఎందుకంటే బరువు పడితే సాగేది అడుగు వైపే. అక్కడ ముడి ఉన్నా, కర్ర పోగు ఏటవాలుగా పక్కకు పోయినా పగులు అక్కడే మొదలవుతుంది. ప్లాంక్ నడుములో అదనపు రంధ్రాలు వేయకండి.

వంగుడు కొలవడానికి రన్నర్ బోల్టులు వచ్చే చోట రెండు చివర్లా నున్నటి గుండ్రటి పైపు ముక్కలు పెట్టండి. వంపు సాగేకొద్దీ చివరలు బయటికి జరగాలి. గరుకు దిమ్మెల మీద పెడితే అవి పట్టుకుపోయి కొలత తక్కువ చూపిస్తుంది. ముందు నడుము ఎత్తు కొలవండి. తర్వాత బూట్లు, హెల్మెట్, కోటుతో సహా మెల్లగా నడుము మీద ఎక్కి నిలబడండి, ఇంకొకరు కొలుస్తారు. తేడా 40 నుంచి 50 మి.మీ. మధ్య ఉంటే మొదలుపెట్టడానికి బాగుంటుంది. గాలి జోరు ఎక్కువుండే చోట తక్కువ వంగేది మేలు.

మొదట కాస్త గట్టిగానే ఉంచి, తర్వాత చిత్రిక పట్టడం మంచిది. గట్టిదనం మందం ఘనంతో మారుతుంది. 38 మి.మీ. పలక మీద ఒక్క మి.మీ. తీస్తే వంగుడు 8 శాతం పెరుగుతుంది, 40 ఉన్నది 43 అవుతుంది. అందుకే పైముఖం మీదే, ఒక్కో విడతకు అర మి.మీ. మించకుండా, నడుము నుంచి రెండు వైపులా సమానంగా తీస్తూ మళ్లీ కొలవండి. మీద ఫైబర్‌గ్లాస్ వేసే ఆలోచన ఉంటే అది మళ్లీ గట్టిపరుస్తుంది, వంగుడు కాస్త ఎక్కువ ఉన్నప్పుడే ఆపాలి. రేసులకు దిగేవాళ్లు డీఎన్ తరగతి బోట్ల నిబంధనలు ముందే చూసుకోవాలి.

చాలామంది తప్పేది చాక్‌ల దగ్గర, అంటే రన్నర్‌ని పట్టుకునే దిమ్మెల దగ్గర. నడుము 45 మి.మీ. దిగితే ప్లాంక్ చివర కోణం దాదాపు 3 డిగ్రీలు మారుతుంది. ఖాళీ బోటులో నిటారుగా బిగించిన రన్నర్లు, మనిషి కూర్చోగానే అడుగున బయటికి వాలతాయి. అంచు మంచును సరిగా కరవదు, బోటు పక్కకు జారుతుంది. కాబట్టి సమతలమైన నేల మీద, బోటులో మనిషిని కూర్చోబెట్టి, మూలమట్టంతో రన్నర్ నిలువు చూసి, అప్పుడే చాక్ అడుగు చెక్కి ఖాయం చేయండి.

రన్నర్లు ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయా అన్నదీ అదే బరువు మీద చూడాలి. రెండింటికీ మీటరు పొడవున్న సూటి ఇనుప బద్దలు బిగించి, ముందూ వెనకా దూరం కొలవండి. తేడా అర మి.మీ. ఉన్నా ఎక్కువే. బోల్టు వదులుగా ఉంటే ఈ కొలతలన్నీ వృథా.

మంచు మీద ప్రతి గాలి తెరకూ గాలివైపు రన్నర్ టక్కున లేస్తుంటే ప్లాంక్ గట్టిది. బాడీ మరీ కిందికి దిగి, మాస్ట్‌ను (తెరచాప స్తంభాన్ని) పట్టుకునే తీగలు వదులై, మాస్ట్ ఒరిగిపోతుంటే మెత్తనిది. గతుకుల మంచు మీద కాస్త మెత్తదనం లాభమే, అద్దంలాంటి మంచు మీద దానికంత పని లేదు.

దిగాక నడుము అడుగునా, చాక్ అంచుల పక్కనా వార్నిష్‌లో సన్నని తెల్ల గీతలు వచ్చాయేమో వేలితో తడిమి చూడండి. పోగు చివరలకు ఎపాక్సీ పూసి తేమ ఎక్కకుండా చేయాలి. సీజన్ అయ్యాక బాడీ నుంచి విప్పి, బరువేమీ పడకుండా భద్రపరచండి. నెలల తరబడి బాడీ కిందే వదిలేస్తే వంపు చచ్చిపోతుంది, చాక్ కోణం మళ్లీ మొదటికొస్తుంది.