పాత అంబాసిడర్ కరెంటు పనులు – 4వ పాఠం: పెట్రోల్ ముల్లు తప్పు చూపిస్తుంటే

నల్లగొండలో బయలుదేరినప్పుడు ముల్లు సగం మీద ఉంటుంది. కొండమల్లేపల్లి చేరేలోపే ఖాళీకి పడిపోతుంది, గతుకు వస్తే మళ్లీ లేస్తుంది. ఇలాంటి బండి చూడగానే చాలామంది డ్యాష్‌బోర్డు మీటరే మార్చేస్తారు. దయచేసి తొందరపడకండి. పాత బండ్లలో ఆ మీటరు కంటే ముందు అనుమానించాల్సింది ట్యాంకు ఎర్త్‌ని, అంటే ట్యాంకు ఇనుము బాడీ ఇనుముకు తగిలి కరెంటు తిరిగి వెళ్లే దారిని.

ముందుగా ఒక చిన్న గుర్తు. పెట్రోల్ ముల్లుతో పాటు టెంపరేచర్ ముల్లు కూడా ఎక్కువ చూపిస్తుంటే, రెండింటికీ కరెంటు ఇచ్చే వోల్టేజ్ స్టెబిలైజర్‌ను చూడాలి. పెట్రోల్ ముల్లు ఒక్కటే తేడాగా ఉంటే ట్యాంకు దగ్గరికి వెళ్దాం.

పని తెల్లవారుజామున, ఆరుబయట చేయండి. మన మే నెల ఎండలో పెట్రోల్ ఆవిరి ఊరికే ఉండదు. బీడీ, సిగరెట్ దగ్గరికి రానివ్వొద్దు.

కీ ఆఫ్ చేసి, ట్యాంకు యూనిట్ (ట్యాంకులో పెట్రోల్ ఎంతుందో మీటరుకు చెప్పే భాగం) నుంచి మీటరుకు పోయే వైరు ఊడదీయండి. దానికి ఇంకో పొడవు వైరు కలిపి, ఆ కొసను ట్యాంకుకు దూరంగా బాడీ ఇనుముకు క్లిప్పుతో గట్టిగా పట్టించండి. ఆ తర్వాతే కీ ఆన్ చేయాలి. కీ ఆన్‌లో ఉండగా వైరు తగిలిస్తే నిప్పురవ్వ లేస్తుంది, ఈ వరుస మాత్రం తప్పొద్దు. ముల్లు ఒక చివరకు పోతుంది. కొన్ని సెకన్లు చూసి కీ ఆఫ్ చేయండి. క్లిప్పు తీసి, కొసకు టేపు చుట్టి మళ్లీ ఆన్ చేస్తే ముల్లు రెండో చివరకు పోవాలి. ఏ చివర ముందన్నది మీటరు రకాన్ని బట్టి ఉంటుంది. రెండు చివరలకూ పోయిందంటే మీటరు, వైరు బాగానే పనిచేస్తున్నట్టు.

ఇక ఎర్త్. కీ ఆఫ్‌లోనే మల్టీమీటరును ఓమ్స్‌లో (నిరోధం కొలిచే చోట) పెట్టి, ఒక కడ్డీ ట్యాంకు ఇనుముకు, ఇంకోటి బాడీకి ఆనించండి. దాదాపు సున్నా రావాలి. పది, ఇరవై చూపిస్తూ ఊగుతుంటే దొంగ దొరికినట్టే. ట్యాంకు బోల్టు విప్పి చూస్తే వాషర్ కింద ఎర్రటి తుప్పు, దాని పక్కన పాత రంగు కనిపిస్తాయి. ఎమరీ కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్దండి. అంతటితో ఆపకుండా ట్యాంకు నుంచి చాసిస్‌కు విడిగా ఒక ఎర్త్ వైరు వేయండి. ఖర్చు తక్కువ, ఏళ్ల తరబడి నిలుస్తుంది.

ఇంకా తప్పు చూపిస్తే లోపం ట్యాంకులో పెట్రోల్ మీద తేలే ఫ్లోటులోనో, దాన్ని పట్టుకునే చేతిలోనో ఉంటుంది. అది వచ్చే పాఠం. ఈలోగా ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాక ఐదేసి లీటర్లు పోయిస్తూ, పోసిన ప్రతిసారీ ముల్లు ఎక్కడుందో నోటుబుక్కులో రాసుకోండి. ఫ్లోటు చేతిని ఎటు ఎంత వంచాలో ఆ లెక్కతోనే తేలుతుంది.